టీటీ బ్లేడు మీద పేడు లేచినప్పుడు: అతికించాలా, నింపాలా, వదిలెయ్యాలా?

టేబుల్ టెన్నిస్ (టీటీ) బ్యాట్‌కు రబ్బరు మార్చడానికి పాతదాన్ని లాగుతుంటే చిటుక్కుమని చిన్న చప్పుడు. తిప్పి చూస్తే రబ్బరు అడుగున ఉండే స్పాంజికి అంటుకుని అగ్గిపుల్లలో సగం మందం కూడా లేని చెక్క పోగు ఒకటి, బ్లేడు మీద సరిగ్గా అదే ఆకారంలో గాడి. ఆ క్షణం నుంచి సలహాలు మొదలవుతాయి. ఏం కాదు, జిగురు రాసి కొత్త రబ్బరు అంటించెయ్ అని ఒకరంటారు. శాండ్‌పేపరుతో మొత్తం సాపు చెయ్యమని ఇంకొకరు చెబుతారు. వార్నిష్ వెయ్యకపోతే బ్లేడు పాడైపోయినట్టేనని మరొకరి హెచ్చరిక. ఈ మూడూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి కానీ నిజానికి అవి మూడు వేర్వేరు దెబ్బలకు చెప్పిన మందులు. ఏ దెబ్బకు ఏది పనికొస్తుందో తెలియాలంటే ముందు ఆ చెక్క ఎలా కట్టారో చూడాలి.

బ్లేడు అంటే పొరల కట్ట

బ్యాట్‌లో రబ్బర్లు తీసేస్తే మిగిలే చెక్క భాగమే బ్లేడు. ఒకే పలకతో చేసినవీ ఉన్నాయి. జపాన్ తరహాలో, పెన్ను పట్టుకున్నట్టు పట్టే పెన్‌హోల్డ్ బ్లేళ్లలో 9 నుంచి 10 మిల్లీమీటర్ల మందమున్న హినోకి చెక్క ఒక్కటే ఉంటుంది. ఎక్కువమంది ఆడేది మాత్రం 5 పొరలదో 7 పొరలదో. మధ్యలో అయూస్ లేదా కిరి లాంటి తేలిక చెక్కతో మందమైన గుండె పొర, దానికి రెండు పక్కలా పలచటి పొరలు, అన్నిటికంటే పైన లింబా, కోటో, హినోకి, వాల్‌నట్ లాంటి వాటిలో ఏదో ఒకటి. మొత్తం మందం సుమారు 5.5 నుంచి 6.5 మిల్లీమీటర్లు. అందులో పై పొర వాటా చాలావాటిలో అర మిల్లీమీటరు దరిదాపు. అంటే మనం రిపేరు పేరుతో చెయ్యి పెట్టేది నాలుగైదు కాగితాలంత మందం మీద. ఏ పని చేసినా ఈ అంకె మనసులో ఉండాలి.

రెండో సంగతి నార దిశ. పై పొర నార హ్యాండిల్ నుంచి బ్లేడు కొస వరకు నిలువుగా ఉంటుంది. చాలా బ్లేళ్లలో దాని కింది పొర నార అడ్డంగా, గుండె పొరది మళ్లీ నిలువుగా ఉంటుంది. గాడిలోకి చూసినప్పుడు అడ్డ చారలు కనిపించాయంటే పై పొర పూర్తిగా పోయి రెండో పొర బయటపడిందన్నమాట. నిలువు చారలే కనిపిస్తే పై పొరలో కొంత ఇంకా మిగిలే ఉంది. కొలిచే పరికరం లేకుండా లోతు తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

ఒకే బ్లేడు ఒకవైపు లాగితే లేస్తుంది, ఇంకోవైపు లాగితే లేవదు

నార హ్యాండిల్ నుంచి కొసకు వెళ్తుందని చెప్పుకున్నా, అది ఉపరితలానికి కచ్చితంగా సమాంతరంగా ఉండదు. చెట్టు గీత గీసినట్టు పెరగదు కదా. పొరను చెక్కినప్పుడు కొన్ని పోగులు చాలా చిన్న కోణంలో పైకి తేలి అక్కడ తెగుతాయి. తెగిన ఆ కొసలన్నీ ఒకే వైపు చూస్తుంటాయి, పిల్లి ఒంటి మీది బొచ్చులాగా. బొచ్చు వాలు వెంట నిమిరితే నున్నగా పడుకుంటుంది, ఎదురుగా నిమిరితే లేచి నిలబడుతుంది. వడ్రంగికి ఇది కొత్త విషయం కాదు. ఎదురునారకు చిత్రిక పడితే పేళ్లు లేస్తాయని పనిలో చేరిన మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

రబ్బరు పీకేటప్పుడూ జరిగేది ఇదే. జిగురు పొర ఆ తెగిన కొసలను పట్టుకుని ఉంటుంది. వాలు వెంట లాగితే జిగురే విడిపోతుంది. ఎదురుగా లాగితే కొస పైకి లేస్తుంది, దాని వెనుక పోగు చీలుతూ వస్తుంది, ఆగకపోతే కొస వరకు వెళ్తుంది. పైగా వాలు బ్లేడంతటా ఒకేలా ఉండకపోవచ్చు. సగం దాకా సాఫీగా వచ్చిన రబ్బరు తర్వాత పేడు లేపడానికి కారణం ఇదే.

అందుకే హ్యాండిల్ వైపు నుంచి పీకాలా, కొస వైపు నుంచా, అడ్డంగానా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఎవరి బ్లేడులో వాలు ఎటుందో వాళ్లకు పనికొచ్చిన దిశనే నియమంగా చెబుతుంటారు. అడ్డంగా పీకడాన్ని సమర్థించేవాళ్ల వాదనలో ఒక బలముంది: నారకు అడ్డంగా వెళ్తుంటే చీలిక పొడవునా పాకే అవకాశం తక్కువ. కానీ పక్కనున్న పోగు అంచు పట్టుబడితే వెడల్పైన పెచ్చు ఊడే ప్రమాదం అందులోనూ ఉంది.

దిశ సంగతి ఎలా ఉన్నా కోణం, వేగం విషయంలో మాత్రం భౌతికశాస్త్రం స్పష్టంగానే ఉంది. రబ్బరును నిటారుగా, అంటే 90 డిగ్రీల్లో పైకి లాగితే బలమంతా చెక్కను పైకి ఎత్తడానికే పోతుంది. అదే రబ్బరును దాని వీపు మీదికే మడిచి, దాదాపు 180 డిగ్రీల్లో బ్లేడుకు ఆనించి లాగితే ఆదర్శ లెక్కల్లో కావలసిన బలం సగానికి సగం తగ్గుతుంది, అదీ పైకి కాకుండా పక్కకు పనిచేస్తుంది. జిగురు సాగే పదార్థం కాబట్టి నెమ్మదిగా లాగితే తేలిగ్గా వదులుతుంది, గుంజితే గట్టిపడి చెక్కను వెంట తీసుకొస్తుంది. ఒక్క రబ్బరు తీయడానికి రెండు మూడు నిమిషాలు పట్టినా అది వృథా కాదు.

నీటి జిగురు పాత్ర

ఆవిరయ్యే ద్రావకాలున్న స్పీడ్ గ్లూలను (రబ్బరు అంటించే ఒక రకం జిగుర్లను) అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య (ఐటీటీఎఫ్) 2008 సెప్టెంబరు 1 నుంచి నిషేధించింది. ఆ తర్వాత ఆటగాళ్లు ఎక్కువగా వాడుతున్నది నీటి ఆధారిత లేటెక్స్ జిగురు. దీంతో చెక్కకు రెండు రకాల ఇబ్బంది. ఒకటి, జిగురులోని నీరు తగిలినప్పుడు పై పోగులు ఉబ్బి లేస్తాయి. రెండోది, ఆ పోగుల మధ్యకు దిగిన జిగురు ఆరాక రబ్బరు తీగలా మారి వాటిని గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి గట్టి చెక్క మీద పెద్దగా తేడా తెలియదు. లింబా లాంటి తెరిచిన రంధ్రాలున్న చెక్క మీద, మెత్తటి హినోకి మీద బాగా తెలుస్తుంది.

రబ్బరు తీశాక బ్లేడు మీద మిగిలే జిగురు పొర కూడా ఇంతే ప్రమాదం. దాన్ని గోరుతోనో కత్తితోనో గీకడం మొదలుపెట్టాక చాలా పేళ్లు లేస్తాయి, నింద మాత్రం రబ్బరు మీద పడుతుంది. వేలి కొసతో నార వెంట రుద్దితే జిగురు చిన్న ఉండగా చుట్టుకుంటుంది. ఆ ఉండతోనే మిగతాది అద్దుతూ తీయవచ్చు.

దెబ్బను చదవడం

రిపేరుకు ముందు చేయాల్సిన పరీక్షకు ఒక టార్చి, కాస్త దూది చాలు. గదిలో దీపం ఆర్పి టార్చిని బ్లేడు అంచు దగ్గర పడుకోబెట్టి వెలుగు వేస్తే, మామూలుగా కనిపించని గాడి కూడా నీడ పడి బయటపడుతుంది. తర్వాత దూదిని తేలిగ్గా హ్యాండిల్ నుంచి కొసకు, మళ్లీ కొస నుంచి హ్యాండిల్‌కు లాగాలి. ఒక దిశలో జారిపోయి ఇంకో దిశలో చిన్న చిన్న తెల్ల కుచ్చులు వదిలిందంటే రెండు సంగతులు ఒకేసారి తెలిసినట్టు: పోగులు లేచిన చోటు, నార వాలు. ఇక మిగిలింది శబ్దం. గోరుతో బ్లేడంతా తడుతూ పోతే ఒకచోట డొల్లగా వినిపించిందనుకోండి, అక్కడ పొరల మధ్య జిగురు వదిలింది. అది పేడు సమస్య కంటే పెద్దది.

ఇలా చూశాక దెబ్బ నాలుగింటిలో ఒకటిగా తేలుతుంది: పోగు లేచింది కానీ ఒక కొస ఇంకా అంటుకునే ఉంది, పోగు ఊడింది కానీ స్పాంజి మీద దొరికింది, చెక్క పోయి గుంట మిగిలింది, లేదా బ్లేడు బల్లకు తగిలి అంచు నలిగింది. మొదటి రెండింటికీ వైద్యం ఒక్కటే.

లేచిన పోగును తిరిగి పడుకోబెట్టడం

ఒక కొస అంటుకునే ఉన్న పోగే అన్నిటికంటే మంచి కేసు. దాని చోటు దానికి తెలుసు, మనం జిగురు అందిస్తే చాలు. పాడయ్యేది పోగును ఎక్కువగా ఎత్తడం వల్ల. అది ఎంత లేచి ఉందో అంతకు మించి లేపితే వేరు దగ్గర పుటుక్కుమంటుంది. అందుకని చెక్క జిగురును టూత్‌పిక్ కొసకు ఆవగింజంత తీసుకుని, పలచటి ప్లాస్టిక్ ముక్క మీద రాసి, ఆ ముక్కను పోగు కిందికి జరిపి, పైనుంచి వేలితో నొక్కుతూ బయటికి లాగెయ్యాలి. జిగురు చీలిక మొదట్లోకి, అంటే పోగు ఇంకా అంటుకుని ఉన్న మూలలోకి చేరాలి. అక్కడ ఖాళీ మిగిలితే వచ్చేసారి చీలిక అక్కడినుంచే మొదలవుతుంది. మూల చాలా ఇరుకుగా ఉంటే పది చుక్కల జిగురుకు ఒక చుక్క నీళ్లు కలిపితే లోపలికి పాకుతుంది.

బయటికి పొంగిన జిగురును వెంటనే తడి గుడ్డతో నార వెంట తుడవాలి. పైన బేకింగ్ కాగితమో పాలిథిన్ ముక్కో పరిచి, చదునైన చెక్క దిమ్మ పెట్టి క్లాంప్ బిగించాలి. అవతలి వైపు కూడా దిమ్మ ఉండాలి, లేకపోతే క్లాంప్ దవడ మెత్తటి చెక్క మీద ముద్ర వేస్తుంది. క్లాంప్ లేకపోతే నాలుగైదు లావాటి పుస్తకాల బరువు సరిపోతుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనుకోవడం పొరపాటు. మితిమీరి నొక్కితే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోయినట్టవుతుంది. గంట తర్వాత బిగింపు తీయవచ్చు కానీ రబ్బరు అంటించడానికి 24 గంటలు ఆగాలి. తొందరపడి ముందే శాండ్‌పేపరు పెడితే సగం ఆరిన జిగురు ముద్దలు కట్టి, అతికిన పోగును మళ్లీ లాక్కొస్తుంది.

పోగు స్పాంజి మీద దొరికితే దాన్ని చెక్క వైపు నుంచి లాగకూడదు. రబ్బరును వెనక్కి వంచితే గట్టిగా ఉన్న చెక్క పోగు వంగలేక కొస దానంతట అదే విడుస్తుంది, అప్పుడు కింద కత్తి మొన జొనిపి తీయవచ్చు. దాని అడుగున అంటిన లేటెక్స్ పొరను పూర్తిగా వలిచెయ్యాలి, ఎందుకంటే చెక్క జిగురు రబ్బరు పొర మీద నిలవదు. చాలా రిపేర్లు రెండో నెలలోనే ఊడిపోవడానికి ఈ కంటికి కనిపించని పొరే కారణం. పోగును పాత దిశలోనే పెట్టాలి. తలకిందులుగా పెట్టినా గాడిలో కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ చీలిన ముఖాలు కలవవు.

మూడు జిగుర్లు, మూడు స్వభావాలు

చెక్క పని వాళ్లు వాడే తెల్ల జిగురు, అంటే పీవీఏ, ఈ పనికి మొదటి ఎంపిక. ఆరాక కొంచెం వంగే గుణముంటుంది, చెక్కలో కలిసిపోతుంది, పొరపాటు జరిగితే తడిగా ఉన్నప్పుడు తుడిచెయ్యవచ్చు. ఒక మెలిక ఉంది. మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా నీరు తగిలితే మెత్తబడుతుంది. దాని మీద మనం రాయబోయేది నీటి జిగురే. అందుకే నీటికి తట్టుకునే రకం పీవీఏ తీసుకోవడం మంచిది. ఇది పట్టించుకోక, మొన్న అతికించిన పోగు ఇవాళ రబ్బరు జిగురు రాస్తుంటే మళ్లీ లేచిందని తల పట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

సూపర్‌గ్లూ వేగం చూసి చాలామంది అటు మొగ్గుతారు. వెంట్రుకంత పగులులోకి అది తనంతట తానే పీల్చుకుపోతుంది, నిజమే. కానీ అక్కడితో ఆగదు. పక్క పోగుల్లోకీ పాకి రూపాయి బిళ్లంత మేర చెక్కను గాజులా గట్టిపరుస్తుంది. ఆ మచ్చ మీద నీటి జిగురు సరిగా పట్టదు, కొందరికి బంతి తగిలినప్పుడు చప్పుడు కూడా వేరుగా వినిపిస్తుంది. ఆరిన జిగురు పెళుసుది కూడా. అంచున సన్నటి పగులుకు ఒక చుక్క వెయ్యడం వరకు దీన్ని సమర్థించవచ్చు, బ్లేడు నడిబొడ్డున మాత్రం వద్దనే చెప్పాలి. ఒక జాగ్రత్త: పొంగిన సూపర్‌గ్లూను దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకూడదు. నూలుతో కలిస్తే అది చురుక్కుమనేంత వేడెక్కి పొగ వస్తుంది.

రెండు ట్యూబుల ఎపాక్సీ ఆరేటప్పుడు కుంచించుకుపోదు. పీవీఏలో సగం దాకా నీరే కాబట్టి, దానితో గుంట నింపితే ఆరాక మధ్యలో దిగుతుంది. ఎపాక్సీ నింపిన చోటే నిలుస్తుంది. దాని బరువు, గట్టిదనం రెండూ చెక్క కంటే ఎక్కువ. అందుకే అది అంచు రిపేర్లకు తగినది.

గుంట మిగిలితే: లెక్క వేసి చూడటం

చెక్క ముక్క పోయిందనగానే ముందొచ్చే భయం బ్యాలెన్స్ మారుతుందని. లెక్క వేద్దాం. 30 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల లోతున్న పోగు ఘనపరిమాణం 12 ఘన మిల్లీమీటర్లు. లింబా సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.55 గ్రాములు. అంటే పోయిన బరువు 7 మిల్లీగ్రాములలోపే. 85 గ్రాముల బ్లేడులో దీన్ని ఏ చెయ్యీ పసిగట్టదు. రబ్బరు అంటించేటప్పుడు రాసే జిగురులో వచ్చే తేడా దీనికి ఎన్నో రెట్లు.

ఇక బంతి ప్రవర్తన. 2 మిల్లీమీటర్ల మందం దాటిన స్పాంజి, 2 మిల్లీమీటర్ల వెడల్పున్న గాడిని వంతెనలా దాటేస్తుంది. బ్లేడు కొస దగ్గరో పక్కనో ఇలాంటి గాడి ఉంటే, పోగులన్నీ పడుకునే ఉంటే, వదిలెయ్యడమే సరైన పని. రబ్బరు జిగురు దాన్ని కొంత నింపుతుంది కూడా. దీన్ని అలసత్వం అనుకునేవాళ్లున్నారు. వాళ్ల అభ్యంతరం గాడి గురించి కాదు, గాడి అంచుల గురించి అయితే అందులో న్యాయముంది. తెరిచిన అంచు తర్వాతిసారి చీలికకు తలుపు. అంచుల వెంట పలచగా పీవీఏ అద్ది ఆరబెడితే ఆ తలుపు మూసుకుంటుంది, గుంట నింపకపోయినా.

అదే 20 మిల్లీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల వెడల్పున పెచ్చు ఊడి, లోపల అడ్డ చారలు కనిపిస్తుంటే కథ వేరు. బంతి తగిలే చోటు కిందే అర మిల్లీమీటరు పల్లం ఉంటే స్పాంజి అందులోకి కుంగుతుంది, గాలి బుడగ మిగులుతుంది. ఈ రెండు కొసల మధ్య, అంటే 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పుండి లోతు తక్కువ ఉన్నవాటికి, పొట్టు నింపడం సరిపోతుంది. సన్నటి చెక్కపొడిని పీవీఏతో గట్టి చట్నీలా కలిపి, కార్డు అంచుతో నార వెంట నింపాలి. ఆరితే దిగుతుంది కాబట్టి ఒక్కసారే ఉబ్బుగా పెట్టకుండా, రోజు ఆగి రెండో పూత పెట్టాలి. పొడి ఎక్కువై జిగురు తక్కువైతే ముద్ద ఆరాక పొడి పొడిగా రాలి, తర్వాతి రబ్బరుతో లేచిపోతుంది.

పడవ ఆకారపు అతుకు

పెద్ద గుంటకు నిలిచే వైద్యం అదే జాతి చెక్కతో అతుకు. కావలసింది 0.5 లేదా 0.6 మిల్లీమీటర్ల వెనీర్ (పలచటి చెక్క పొర) ముక్క, కొత్త బ్లేడున్న కత్తి, స్కేలు. అతుకును పడవలా, రెండు కొసలూ సూదిగా కొయ్యాలి. నలుచదరంగా కోస్తే నారకు అడ్డంగా రెండు గీతలు పడతాయి, ఆ గీతల దగ్గర పై పొర తెగినట్టే. బలం ఒక పోగు నుంచి ఇంకో పోగుకు అందదు. ఏటవాలు కోతలో తెగిన చోట్లు విడివిడిగా పడతాయి.

అతుకును గుంట మీద నార కలిసేలా పెట్టి, దాని చుట్టూ కత్తి మొనతో గీత గియ్యాలి. తర్వాత ఆ గీత వెంట తేలికపాటి నాలుగైదు గాట్లు. ఒక్క గాటులో కొయ్యాలని బలం పెడితే కత్తి నార వెంట పక్కకు జారుతుంది, లేదా రెండో పొరలోకి దిగుతుంది. గీత లోపలి చెక్కను కత్తిని పడుకోబెట్టి పేళ్లుగా తీసి, అడుగు చదునుగా ఉందో లేదో టార్చి వెలుగులో చూడాలి. జిగురు పలచగా రాసి, అతుకు పెట్టి, దిమ్మతో బిగించి ఒక రోజు వదలాలి.

అతుకు కాస్త పైకి ఉండటమే మంచిది. దాని చుట్టూ బ్లేడు మీద సెల్లోటేపు అంటించి, చదును దిమ్మకు చుట్టిన 240 నంబరు (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) శాండ్‌పేపరుతో నార వెంట రుద్దాలి. టేపు మీద గీతలు పడటం మొదలైందంటే మిగిలింది టేపు మందమే. అప్పుడు టేపు తీసి 400తో నాలుగు సార్లు తోస్తే సరి. కళ్లు మూసుకుని గోరు కొసను అతుకు మీదుగా రెండు వైపులా నడిపినప్పుడు ఎక్కడా తట్టకూడదు. రంగు కలవకపోయినా పట్టించుకోనక్కర్లేదు, రబ్బరు కింద దాన్ని చూసేవాళ్లెవరు?

అంచు నలిగితే

తక్కువ ఎత్తు బంతి కోసం వంగినప్పుడు బ్లేడు బల్ల అంచుకు తగలడం మామూలే. చెక్క నలిగి లోపలికి పోయిందా, విరిగి ఊడిందా అన్నది ముందు చూడాలి. నలిగిన పోగులు తెగకపోతే తడి ఆవిరికి ఉబ్బి తిరిగి లేస్తాయని వడ్రంగులు తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె వాడతారు. ఘనమైన చెక్కకు అది మంచి ఉపాయమే. పొరల బ్లేడుకు మాత్రం ఆ వేడి, ఆ తడి పొరల మధ్య జిగురును వదిలించగలవు, పది పైసల సొట్ట కోసం రూపాయి పోగొట్టుకున్నట్టవుతుంది. సొట్టను అలాగే వదిలి, పొరలు విడివడితే వాటి మధ్యకు పలచటి జిగురు పంపి బిగించడం చాలు. ముక్క ఊడితే ఎపాక్సీలో చెక్కపొడి కలిపి, అంచు ఆకారంలో టేపుతో చిన్న అడ్డుగోడ కట్టి నింపాలి. ఆపైన ఎడ్జ్ టేపు వేస్తే వచ్చే దెబ్బ తగ్గుతుంది.

చెక్క పొరల మధ్య కార్బన్ పీచు పొర ఉన్న బ్లేడులో అంచు విరిగితే నల్లటి సన్నని పోగులు బయటికి వస్తాయి. అవి చర్మంలో ముల్లులా దిగుతాయి, పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, పొడిగా కాకుండా తడి శాండ్‌పేపరుతో ఆ కాస్త చోటే రుద్దాలి.

శాండ్‌పేపరు అసలు ఖరీదు

మొదట్లో చెప్పిన సలహాల్లో ఎక్కువ చేటు చేసేది, మొత్తం సాపు చెయ్యమన్నది. పలక వంగకుండా నిలిచే బిగువు మందం ఘనానికి అనుపాతంగా మారుతుంది. 6.0 మిల్లీమీటర్ల బ్లేడును రుద్ది 5.9 చేస్తే, మందంలో తగ్గింది రెండు శాతం లోపు. బిగువు మాత్రం (5.9/6.0)³, అంటే సుమారు 0.95కు పడిపోతుంది. అయిదు శాతం పోయిందన్నమాట. రెండు వైపులా 0.1 చొప్పున రుద్ది 5.8కి తెస్తే దాదాపు పది శాతం. ఇది బ్లేడంతా ఒకే చెక్క అనుకుని వేసిన లెక్క. పై పొరలు లోపలి చెక్క కంటే గట్టివి కాబట్టి నిజంగా పోయేది ఇంకా ఎక్కువ. బ్లేడు మెత్తబడిందని, బంతి నెమ్మదించిందని తర్వాత అనిపించేది ఊహ కాదు.

7 మిల్లీగ్రాముల పోగు పోతే బెంగపడి, పై పొరలో అయిదో వంతు మన చేత్తోనే పొడి చేసి ఊదెయ్యడం ఎంత వింత! శాండ్‌పేపరును దెబ్బ తగిలిన చోటుకే, దిమ్మకు చుట్టి, 320 కంటే గరుకు కానిదాన్ని వాడాలి. అతుకు దింపడానికి మాత్రమే 240. దిమ్మ లేకుండా వేలితో రుద్దితే మెత్తటి చోట పల్లం పడుతుంది.

వార్నిష్: ఇద్దరి మాటా వినాల్సిన వాదన

పూత వెయ్యాలనేవాళ్ల వాదన: పలచటి పాలియురితేన్ వార్నిష్ పై పోగులను ఒకదానికొకటి కట్టేస్తుంది, నీటి జిగురును లోపలికి దిగనివ్వదు, రబ్బరు తీసేటప్పుడు జిగురు పొరే వలుచుకొస్తుంది. ఇది నిజం. కొన్ని బ్లేళ్లకు కంపెనీలే పూత వేసి అమ్ముతాయి. వద్దనేవాళ్ల మాట: పై పొర గట్టిపడి బంతి స్పర్శ మారుతుంది, మెత్తగా ఉండాలనే హినోకి కొన్నప్పుడు దాన్ని గట్టిపరచడంలో అర్థం లేదు. ఇదీ నిజమే.

ఇద్దరి మధ్య తేడాను తేల్చేది పూత మందం. 157 × 150 మిల్లీమీటర్ల బ్లేడు ముఖం వైశాల్యం సుమారు 185 చదరపు సెంటీమీటర్లు. ఆరాక 0.02 మిల్లీమీటర్ల పూత మిగిలితే ఒక వైపు బరువు 0.4 గ్రాముల దగ్గర. గుడ్డతో రాసి వెంటనే తుడిచేస్తే అంత కూడా ఉండదు. బ్రష్షుతో మూడు పూతలు వేస్తే గ్రాము దాటడమే కాదు, జిగురు పట్టని గాజు ముఖం తయారవుతుంది. లింబా ముఖానికి, అదీ ఒకసారి పేడు లేచాక, ఒక పలచటి తుడుపు పూతను సమర్థించవచ్చు. నున్నగా, గట్టిగా ఉండి ఎప్పుడూ లేవని చెక్కకు పూత అనవసరం. వేస్తే రెండు వైపులా వెయ్యాలి, ఒకవైపే తేమను ఆపితే పలక వంపు తిరిగే అవకాశముంది. నీటి వార్నిష్ అయితే మొదటి పూతకు పోగులు లేచి గరుకుగా అనిపిస్తుంది. ఆరాక 400తో ఒక్కసారి తేలిగ్గా తోస్తే పోతుంది. పేళ్లు అతికించడం, నింపడం పూర్తయ్యాకే పూత. ముందే వేస్తే చెక్క జిగురు లోపలికి దిగదు.

నిబంధన ఏమంటుంది

ఐటీటీఎఫ్ నియమాల ప్రకారం బ్యాట్ పరిమాణం, ఆకారం, బరువు ఎంతైనా ఉండవచ్చు, బ్లేడు మాత్రం చదునుగా, గట్టిగా ఉండాలి. మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి. కార్బన్ లాంటి పీచుతో బలపరిచిన జిగురు పొర మొత్తం మందంలో 7.5 శాతం, 0.35 మిల్లీమీటర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని దాటకూడదు. మన విషయానికి సంబంధించిన మాట ఇంకొకటుంది: బంతిని కొట్టే వైపు బ్లేడు, అందులోని ప్రతి పొర, పైనున్న రబ్బరు, జిగురు అన్నీ ఎడతెగకుండా, ఒకే మందంలో ఉండాలి. దెబ్బ వల్లో అరుగుదల వల్లో ఉపరితలంలో వచ్చే చిన్న తేడాలను, అవి ఉపరితలం స్వభావాన్ని పెద్దగా మార్చనంత వరకు, అనుమతించవచ్చు.

దీన్నిబట్టి చెక్కతో చెక్కకు వేసిన చదునైన అతుకు నియమం ఉద్దేశానికి దగ్గరగా ఉంటుంది. రబ్బరు మీదికి ఉబ్బుగా కనిపించే ఎపాక్సీ దిబ్బ దూరంగా ఉంటుంది. పోటీలో చివరి మాట అంపైర్, రెఫరీలదే. మ్యాచ్ మధ్యలో బ్యాట్ మార్చడానికి వీలుండేది, అది ప్రమాదవశాత్తు వాడలేనంతగా దెబ్బతిన్నప్పుడే. రబ్బరు కింద పేడు లేచిందన్న అనుమానం ఆ లెక్కలోకి రాదు.

అతికించిన బ్లేడు నుంచి మళ్లీ రబ్బరు తీసేటప్పుడు

రిపేరు నిలిచిందా లేదా తేలేది అప్పుడే. దూది పరీక్షలో ఏ దిశలో లాగితే జారిపోయిందో ఆ దిశలోనే రబ్బరు కూడా రావాలి. అందుకే కొత్త రబ్బరు అంటించకముందే, హ్యాండిల్ పైన రబ్బరు కప్పని ఆ సన్నటి చెక్క పట్టీ మీద పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు వేసుకోవడం మంచిది. రెండు ముఖాలకు రెండు బాణాలు, ఎందుకంటే రెండు వైపులా వాలు ఒకేలా ఉండాలని లేదు. అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఒక వేలితో అతుకును బ్లేడుకు అదిమి పట్టుకుని, రబ్బరును దాని వీపు మీదికి మడిచి, వేలి వెనుకే మెల్లగా జరుపుతూ పోవాలి. పోగు కదిలినట్టు కనిపిస్తే అక్కడే ఆపి, రబ్బరును తిరిగి పరిచి, అవతలి కొస నుంచి మొదలుపెట్టాలి.